రంగూన్ నుంచి వచ్చిన నీలం పింగాణీ పళ్ళేలు ఎక్కడివి? వాటిని ఏం చేయాలి?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా మళ్ళీ చెబుతాను. కాకినాడ దగ్గర మీ అమ్మమ్మగారి పాత ఇల్లు ఖాళీ చేస్తుండగా, నీలం రంగులో పక్షులు, ఆకులు అచ్చువేసిన పింగాణీ పళ్ళేలు కొన్ని అటక మీద దొరికాయి. మీ ముత్తాతగారు వాటిని రంగూన్ నుంచి తెచ్చారని ఇంట్లో అనుకునేవారు. బంధువుల్లో ఒకరు ఇవి చైనావి అంటున్నారు, మరొకరు డచ్చివారి కాలం నాటివి అంటున్నారు. వెనుక ముద్రలో ‘జే అండ్ ఎం.పి.బి. అండ్ కో.’ అన్న అక్షరాలు, దాని కింద ‘ఆర్‌డి నెం.’ (అంటే డిజైను నమోదు సంఖ్య) అని 15తో మొదలయ్యే ఆరంకెల సంఖ్య ఉన్నాయి. డిజైను పేరు ఉండవలసిన చోట సిరా అలుక్కుపోయింది. ‘ఇంగ్లాండ్’ అన్న మాట ఎక్కడా లేదు కనుక ఇవి ఇంకా పాతవా, అమెరికాలో ఉన్న మీ తమ్ముడికి పంపి అమ్మించవచ్చా, వీటిలో భోజనం చేయవచ్చా అన్నవి మీరు అడిగిన మిగతా సంగతులు.

సూటిగా సమాధానం: మీ పళ్ళేలు చైనావీ కావు, డచ్చివారివీ కావు. స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో జే. అండ్ ఎం.పి. బెల్ అండ్ కంపెనీ చేసినవి. డిజైను 1890లో నమోదయింది కనుక వస్తువు అంతకు ముందుది కావడానికి వీల్లేదు, ఆ తరువాత కొన్నేళ్ళలో ఎప్పుడైనా తయారై ఉండవచ్చు. ఆగ్నేయాసియా బజార్ల కోసం ప్రత్యేకంగా తయారుచేసిన ఎగుమతి సరుకు ఇది. భోజనానికి వాడకండి. దేశం దాటించే ముందు చట్టం చూసుకోండి. ధర విషయంలో వేలల్లో ఆలోచించండి, లక్షల్లో వద్దు.

ఇక కారణాలు చెబుతాను. పాత పింగాణీ మరమ్మత్తు, గుర్తింపు పనిలో చాలాకాలంగా ఉన్నందువల్ల ఒక సంగతి గట్టిగా చెప్పగలను. పళ్ళెం ముందు వైపున్న బొమ్మ ఆ పళ్ళేన్ని ఎవరు కొనాలని తయారుచేశారో చెబుతుంది తప్ప, ఎవరు తయారుచేశారో చెప్పదు. మన ఇళ్ళలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ముందు వైపు చూసి తీర్పు చెప్పడం వల్లనే వస్తాయి. గోపురం, వంతెన, విల్లో చెట్టు, రెండు పక్షులు ఉన్న నీలం పళ్ళెం కనబడగానే చైనాది అనేస్తారు. కానీ ఆ విల్లో డిజైను 18వ శతాబ్దం చివరలో ఇంగ్లాండులోనే, చైనా సరుకును అనుకరిస్తూ పుట్టింది. దానికి తగిలించిన ప్రేమికుల కథ కూడా అక్కడే, విక్టోరియా కాలంలో ప్రచారంలోకి వచ్చింది.

కాబట్టి పళ్ళేన్ని తిరగేయండి. ముద్ర చదివే ముందు మట్టిని చూడండి. అంచు ఎక్కడైనా చిట్లి ఉంటే ఆ చోట లోపలి రంగు గమనించండి. తెల్లటి గాజులాంటి గట్టి పదార్థం ఉంటే అది పోర్సెలిన్. కాస్త మీగడ రంగులో, సుద్దలా కనబడి, నీటి చుక్క వేస్తే పీల్చుకుంటే అది ఎర్తెన్‌వేర్. పళ్ళేన్ని దీపానికి అడ్డంగా పట్టుకుని వెనుక వేళ్ళు కదిపితే పోర్సెలిన్‌లోనూ, ఎముకల బూడిద కలిపి చేసే బోన్ చైనాలోనూ నీడ కనబడుతుంది, ఎర్తెన్‌వేర్‌లో కనబడదు. మీరు పంపిన చిట్లిన అంచు ఫొటోలో మట్టి మీగడ రంగులో ఉంది. చైనా వాదన అక్కడే సగం వీగిపోతుంది, ఎందుకంటే చైనా నుంచి వచ్చిన నీలం తెలుపు భోజన సామాను దాదాపుగా పోర్సెలినే.

తరువాత భూతద్దం తీసుకుని బొమ్మను చూడండి. ఈ సామాను మీది బొమ్మను చేత్తో గీయలేదు, రాగి రేకు మీద చెక్కి కాగితం ద్వారా దింపారు. ఆ పని ఇలా సాగేది. చెక్కిన రాగి రేకును వేడిచేసి, కోబాల్టు ఆక్సైడును నూనెలో కలిపిన చిక్కటి సిరాను గాట్లలోకి ఎక్కించి, పైన మిగిలినదాన్ని తుడిచేసి, పలుచటి టిష్యూ కాగితాన్ని దాని మీద పరిచి ప్రెస్సులో నొక్కేవారు. ఆ కాగితాన్ని ముక్కలుగా కత్తిరించడం, ఒకసారి కాల్చి ఇంకా గ్లేజు (గాజులాంటి పూత) వేయని పళ్ళెం మీద అతికించి గట్టి బ్రష్షుతో రుద్దడం ఎక్కువగా ఆడవాళ్ళూ, చిన్న వయసు అమ్మాయిలూ చేసే పని. ఆపైన కాగితాన్ని నీళ్ళతో కడిగేస్తే సిరా మాత్రం మట్టిలో నిలిచేది. నూనె పోయేలా తక్కువ వేడిలో ఒకసారి కాల్చి, గ్లేజులో ముంచి, మళ్ళీ బట్టీకి ఎక్కించేవారు. బొమ్మ గ్లేజు కింద ఉంటుంది కనుకనే నూరేళ్ళు తోమినా చెరగదు.

ఈ పద్ధతి వదిలిపెట్టే గుర్తులు మీ పళ్ళేల మీద ఉండి తీరాలి. అంచు చుట్టూ వేలు పెట్టి వెళ్తూ ఉంటే ఒకటి రెండు చోట్ల తీగ సరిగ్గా కలవదు, చారల గుడ్డతో కుట్టిన చొక్కాలో కుట్టు దగ్గర చారలు తప్పినట్లు ఉంటుంది. కాగితం ముక్క కొస మరో ముక్క మీదికి ఎక్కిన చోట గీతలు రెండు పొరలుగా కనబడతాయి. కాగితం మడతపడిన చోట సన్నని తెల్లటి గీత మిగులుతుంది. వెనుక వైపు అంచు కింద, బట్టీలో పళ్ళేలు ఒకదానికొకటి అంటుకోకుండా ఆనించిన ముక్కాలి ముక్కల వల్ల మూడేసి చిన్న గరుకు చుక్కలు ఉంటాయి. ఇవి లోపాలని భయపడి చాలామంది అమ్ముడుపోదేమో అనుకుంటారు. నాకు మాత్రం పళ్ళెం మీద నమ్మకం కలిగించేవి ఇవే.

ఇప్పుడు ముద్ర. బెల్ సోదరులు జాన్, మాథ్యూ పెర్స్టన్ 1840ల మొదట్లో గ్లాస్గోలో పెట్టిన కుండల కర్మాగారం స్కాట్లాండులో పెద్దవాటిలో ఒకటి. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో కూడా వారి సరుకు ఉంది. ఈ కంపెనీ తూర్పు దేశాల కోసం వేసిన డిజైన్లకు మలయ్ భాషలో పేర్లు పెట్టి, ఆ పేర్లనే ముద్రలో అచ్చువేసింది. ‘కపాల్ బసార్’ అంటే పెద్ద ఓడ, ‘బువా నానాస్’ అంటే అనాసపండు, ‘బురుంగ్ కుపు’లో పక్షులు, సీతాకోకచిలుకలు ఉంటాయి, ‘తర్లాలు బాగుస్’ అంటే చాలా బాగుంది అని. ఇవి కాక మకాసర్ వంటి ఊళ్ళ పేర్లు కూడా పెట్టారు. సింగపూరులోనో జావాలోనో సరుకు దించుకున్న వర్తకుడు ఏ డిజైను మళ్ళీ కావాలో పేరుతో ఉత్తరం రాయడానికి ఇది వీలుగా ఉండేది. మీ ముద్రలో అలుక్కుపోయిన మాట అలాంటిదే అయి ఉండవచ్చు. మిగతా పళ్ళేలన్నిటి వెనుకా ఒకసారి చూడండి, ఏదో ఒకదాని మీద అది స్పష్టంగా పడి ఉంటుంది.

నమోదు సంఖ్య విషయంలో మీరు అదృష్టవంతులు. బ్రిటన్‌లో డిజైన్లకు 1884 జనవరి నుంచి 1తో మొదలుపెట్టి వరుస సంఖ్యలు ఇచ్చారు. 1890 జనవరికి ఆ వరుస 1,41,273 దగ్గరికి, 1891 జనవరికి 1,63,767 దగ్గరికి వచ్చింది. 15తో మొదలయ్యే ఆరంకెల సంఖ్య ఈ రెంటి మధ్య పడుతుంది కనుక నమోదు 1890లో జరిగింది. అయితే ఇది డిజైను తేదీ, మీ పళ్ళెం తేదీ కాదు. జనాదరణ పొందిన డిజైనును అదే రాగి రేకులతో ఏళ్ళ తరబడి వేస్తూనే ఉంటారు. రేకు కొత్తగా ఉన్నప్పుడు గీతలు పదునుగా పడతాయి, అరిగిన రేకు నుంచి వచ్చిన బొమ్మ వెలవెలబోయి నీడలు చదునుగా ఉంటాయి. మీ పళ్ళేల్లో రెండు రకాలూ కనబడితే అవన్నీ ఒకే విడతలో కొన్నవి కావని అనుకోవచ్చు.

1884కు ముందువి ఎవరికైనా దొరికితే, సంఖ్యకు బదులు నిలబెట్టిన చతురస్రం లాంటి వజ్రాకారపు ముద్ర ఉంటుంది. 1842 నుంచి 1883 వరకు అది నడిచింది. పైన చిన్న వలయంలో నాలుగు అన్న రోమన్ అంకె ఉంటే మట్టి సామాను అని అర్థం. 1867 వరకు సంవత్సరపు అక్షరం ఆ వలయానికి కింద, వజ్రం పై మూలలో, 1868 నుంచి కుడి మూలలో ఉంటుంది. అక్షరాలు వరుసక్రమంలో ఉండవు, 1842కు ఎక్స్, 1843కు హెచ్, 1844కు సీ అని పట్టిక చూసుకోవలసిందే.

‘ఇంగ్లాండ్’ అన్న మాట లేకపోతే 1891కి ముందుది అని అమ్మకందారులు తరచుగా చెబుతారు. ఈ సూత్రాన్ని గుడ్డిగా నమ్మకండి. అమెరికాలో 1890 నాటి మెకిన్లీ సుంకాల చట్టం, దిగుమతయ్యే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని 1891 నుంచి నియమం పెట్టింది. అది అమెరికా రేవుల్లో దిగే సరుకుకు వర్తించే నియమం. రంగూన్‌కో బటావియాకో (ఇప్పటి జకార్తా) పోయే పెట్టెలకు దానితో పని లేదు. పైగా మీది స్కాట్లాండు సరుకు, దాని మీద ‘ఇంగ్లాండ్’ అని ఎందుకు వేస్తారు? ఉంటే 1891 తరువాతిది అనడం చాలావరకు సరైనదే, లేకపోతే పాతది అనడం మాత్రం సరికాదు. ‘మేడ్ ఇన్ ఇంగ్లాండ్’ అని పూర్తిగా ఉంటే అది సాధారణంగా 20వ శతాబ్దపు సరుకు.

ఆ చట్టానికీ మీ పళ్ళేలకూ మరో విధంగా సంబంధం ఉంది. బ్రిటిష్ కుండల కర్మాగారాలకు 19వ శతాబ్దంలో అన్నిటికంటే పెద్ద విదేశీ ఖాతాదారు అమెరికా. ఇంగ్లాండులో స్టాఫర్డ్‌షైర్‌లోని టన్‌స్టాల్, బర్స్‌లెమ్, హాన్లీ, స్టోక్, ఫెంటన్, లాంగ్టన్ అనే ఆరు ఊళ్ళ నుంచి గడ్డిలో చుట్టిన సరుకు కాలువ పడవల మీద లివర్‌పూల్ చేరి అక్కడ ఓడ ఎక్కేది. అమెరికా రైతు కుటుంబాలకు ఐరన్‌స్టోన్ అనే తెల్లటి మందపాటి గట్టి మట్టి సామాను, మధ్యతరగతికి ఫ్లో బ్లూ వెళ్ళేవి. ఫ్లో బ్లూ అంటే గ్లేజు కాల్చే సమయంలో బట్టీ పెట్టెలో క్లోరైడు లవణాలు ఉంచి, వాటి ఆవిరికి నీలం రంగు కావాలనే కారి మసకబారేలా చేసినది. మీకిన్ కుటుంబపు కర్మాగారాలు, 1883లో మొదలైన జాన్సన్ బ్రదర్స్ ప్రధానంగా ఈ బజారు మీదే ఎదిగాయి. కెనడాకు వేరే బొమ్మలు వెళ్ళేవి. గ్లాస్గోలోనే ఉన్న బ్రిటానియా పాటరీ క్విబెక్ నగర దృశ్యాలను అక్కడి ఒక వర్తకుడి కోసం అచ్చువేసింది. అయితే అలంకరణ ఉన్న సామాను మీద అమెరికా సుంకం 60 శాతం దాకా ఉండేది, అమెరికాలో సొంత కర్మాగారాలు కూడా పెరిగాయి. అలాంటప్పుడు తూర్పు బజార్లు ఎంత ఆకర్షణీయంగా కనబడి ఉంటాయో ఊహించవచ్చు.

గ్లాస్గోకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. హెండర్సన్ కంపెనీ ఓడలు గ్లాస్గో నుంచి నేరుగా రంగూన్‌కు నడిచేవి. ఐరావతి నది మీద తిరిగిన స్టీమరు కంపెనీ కూడా గ్లాస్గో పెట్టుబడిదే. ఇటు కోస్తా జిల్లాల నుంచి వేలాదిగా మనవాళ్ళు రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో పనికి వెళ్ళేవారు, బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి వారిని తీసుకుపోయి, తీసుకొచ్చేవి. కనుక మీ ఇంట్లో చెప్పుకునే రంగూన్ కథ నాకు పూర్తిగా నమ్మదగినదిగానే ఉంది. ఒక్క సవరణ చెబుతాను. 1942లో జపాను దాడి వల్ల పారిపోయి వచ్చేటప్పుడు తెచ్చారని మీ మామగారు రాశారు. ఆ ఏడాది వచ్చినవారిలో చాలామంది అడవులు, కొండలు నడిచి దాటారు, వారు పింగాణీ పళ్ళేల దొంతర మోసుకొచ్చి ఉంటారనుకోవడం కష్టం. అంతకు ముందు ఎప్పుడో మామూలు ప్రయాణంలో, స్టీమరు మీద పెట్టెలో సర్ది తెచ్చి ఉండే అవకాశమే ఎక్కువ.

డచ్చి వాదన ఎందుకు పుడుతుందో కూడా చెబుతాను, అది పూర్తిగా నిరాధారం కాదు. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో పెట్రస్ రెగూ 1830లలో పెట్టిన కర్మాగారం కూడా ఇదే తూర్పు బజారు కోసం ఇలాంటి అచ్చు పళ్ళేలు పెద్ద ఎత్తున చేసింది. వాటి వెనుక స్ఫింక్స్ (మనిషి తల, సింహం ఒళ్ళు ఉన్న జీవి) బొమ్మ, ‘మాస్ట్రిక్ట్’ అన్న మాట ఉంటాయి. భీమిలి ప్రాంతపు కుటుంబం ఒకటి నాకు అలాంటి గిన్నెను చూపించి, డచ్చివారి కోట కాలం నాటిదని చెప్పింది. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1799తోనే రద్దయింది, భీమిలి 1825లో బ్రిటిష్‌వారి చేతికి వచ్చింది, ఆ కర్మాగారం అప్పటికి పుట్టనే లేదు. గిన్నె డచ్చిదే, కాలం మాత్రం వేరు. స్పాంజిని పువ్వు ఆకారంలో కోసి రంగులో ముంచి అద్దిన మోటు గిన్నెలు కూడా మన దగ్గర కనబడతాయి. వాటిని ఏదో గ్రామీణ కళ అనుకుంటారు గానీ, అవీ స్కాట్లాండు, స్టాఫర్డ్‌షైర్, మాస్ట్రిక్ట్ బట్టీల నుంచి చవక బజార్లకు వచ్చినవే.

నకిలీల గురించి: మీవి నకిలీలు కావు, ఎందుకంటే ఇంత తక్కువ ధర పలికే డిజైనుకు నకిలీ చేసే శ్రమ ఎవరూ పడరు. నకిలీలు ఫ్లో బ్లూలో ఎక్కువ. హైదరాబాదు జుమ్మేరాత్ బజార్‌లోనూ, ఆన్‌లైన్‌లోనూ ‘విక్టోరియా వేర్ ఐరన్‌స్టోన్’ అని పెద్ద సింహం ముద్రతో వచ్చే కూజాలు, సబ్బు పెట్టెలు దాదాపు అన్నీ ఇటీవలి కాలపువే. అడుగు వలయం గ్లేజు లేకుండా తెల్లగా, గరుకుగా ఉంటుంది, బరువు అవసరానికి మించి ఉంటుంది, ముద్ర మరీ పెద్దదిగా ఉంటుంది. భూతద్దంలో చెక్కిన గీతలకు బదులు క్రమమైన చుక్కల జల్లెడ కనబడితే అది ఆధునిక అచ్చు.

ఇక వాడకం. వీటిలో అన్నం తినకండి. ఆ కాలపు ఎర్తెన్‌వేర్ గ్లేజుల్లో సీసం మామూలుగా ఉండేది. బట్టీ పనివాళ్ళకు సీసపు విషం ఎక్కుతోందని 1890ల చివర్లో బ్రిటిష్ ప్రభుత్వమే విచారణ జరిపించింది. గ్లేజు చెక్కుచెదరకుండా ఉన్నప్పటికంటే, సన్నని వెంట్రుక పగుళ్ళు వచ్చాక, పులుపు తగిలినప్పుడు సీసం దిగే ప్రమాదం ఎక్కువ. మన భోజనంలో పులిహోర, చారు, పెరుగు, ఆవకాయ లేని పూట ఏది? పొడి తినుబండారాలకైనా వాడవచ్చా అని అడిగితే, చిన్నపిల్లలున్న ఇంట్లో అదీ వద్దనే చెబుతాను.

శుభ్రం చేసేటప్పుడు కూడా చింతపండు, నిమ్మకాయ, బూడిద, పీచు దరిచేరనివ్వకండి. గోరువెచ్చని నీళ్ళు, కొద్దిగా మెత్తని సబ్బు, మెత్తని గుడ్డ చాలు. ప్లాస్టిక్ టబ్బులో అడుగున తువ్వాలు పరిచి ఒక్కొక్కటిగా కడగండి. గోధుమ రంగు మరకలు పోవాలని బ్లీచింగ్ ద్రావణంలో నానబెడితే అది మట్టిలోకి ఇంకి, ఎండాక లవణాలుగా మారి గ్లేజును లోపలి నుంచి తోసి పొరలుగా లేపేస్తుంది. అలా పాడైన పళ్ళేన్ని బాగుచేయడం నా వంటివారికి కూడా సాధ్యం కాదు. మీ ఫొటోల్లో ఒక పళ్ళేనికి వెనుక ఇత్తడి కుట్లు వేసి విరిగినదాన్ని అతికించినట్లు కనబడుతోంది. అది ఆ కాలపు మరమ్మత్తు, దాన్ని తీయించకండి.

అమ్మకం సంగతి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం, నూరేళ్ళు దాటిన కళాత్మక, హస్తకళా వస్తువులు పురావస్తువుల కిందికి రావచ్చు, అలాంటివాటిని దేశం బయటికి పంపే అధికారం కేంద్ర ప్రభుత్వానికి, అది అనుమతించిన సంస్థకు మాత్రమే ఉంది. ఫ్యాక్టరీలో అచ్చువేసిన పళ్ళెం ఆ నిర్వచనంలోకి వస్తుందా రాదా అని మీరూ నేనూ తేల్చుకోకూడదు. భారత పురావస్తు సర్వేక్షణ శాఖ కార్యాలయంలో చూపించి, పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకున్న తరువాతే మీ తమ్ముడికి పంపే ఆలోచన చేయండి. సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి పంపేస్తే చాలని సలహా ఇచ్చినవారి మాట వినకండి. పైగా ఇక్కడ వచ్చే ధరకూ అక్కడ వచ్చే ధరకూ తేడా, ఈ రకం సరుకులో, రవాణా ఖర్చుకు సరిపోయేంత ఉంటుందని నేను అనుకోను. బెల్ తూర్పు సరుకును సేకరించేవారు ఎక్కువగా సింగపూరు, మలేషియా, ఇండోనేషియా, స్కాట్లాండులలో ఉన్నారు.

ధరను నిజంగా మార్చే విషయాలు మూడే: డిజైను పేరు చదవడానికి వీలుగా ఉండటం, పగుళ్ళు చిట్లిన అంచులు లేకపోవడం, ఒకే డిజైనులో పెద్ద పళ్ళెం లేదా లోతు గిన్నె వంటి అరుదైన ఆకారం ఉండటం. కాబట్టి ముద్ర స్పష్టంగా ఉన్న పళ్ళేన్ని వెతికి, దాని వెనుక భాగాన్ని పక్క నుంచి పడే పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ఫొటో తీసి ఇక్కడే పెట్టండి. నమోదు సంఖ్య ఆరంకెలూ కనబడేలా తీస్తే డిజైను ఏదో పేరుతో సహా చెప్పడానికి ప్రయత్నిస్తాను.